పత్రికలో ప్రకటనే నోటీసా?

ప్రశ్న: జాతీయ రహదారి విస్తరణలో మా పొలం పోతుందని పత్రికలో ప్రకటన చూసి తెలుసుకున్నాం. మా పేరిట నోటీసు ఇవ్వకుండానే భూమి తీసుకోవచ్చా?

జవాబు: జాతీయ రహదారుల చట్టం, 1956లోని 3ఎ సెక్షన్ ప్రకారం కేంద్రం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండేలా, ప్రచురించాలి, ఒక్కొక్క యజమానికి విడిగా నోటీసు పంపాలని ఆ సెక్షన్ చెప్పదు. పత్రిక చూడని రైతుకు ఇది అన్యాయమనిపించడం సహజమే. నోటిఫికేషన్ ప్రచురితమైన నాటి నుంచి 21 రోజుల్లోగా అధీకృత అధికారికి (ఈ భూసేకరణకు కేంద్రం నియమించిన అధికారికి) లిఖితపూర్వకంగా, కారణాలతో అభ్యంతరం అందజేస్తే, ఆయన మీ వాదనను నేరుగా గాని, న్యాయవాది ద్వారా గాని వినాలి. ఆ తర్వాత భూసేకరణను ఖరారు చేస్తూ 3డి సెక్షన్ కింద గెజిట్‌లో ప్రకటన వెలువడితే భూమి కేంద్రానికి దఖలు పడినట్టే. ఆపై మిగిలేది ప్రధానంగా పరిహారం సంగతి. కోర్టు స్టే ఉన్న కాలం మినహా తొలి నోటిఫికేషన్ ప్రచురితమైన ఏడాదిలోగా ఆ ప్రకటన రాకపోతే, ఆ నోటిఫికేషన్ చెల్లదు.