డంబెల్ ఎత్తితే మోచేయి నొప్పి... మామూలేనా?

ప్రశ్న: నా వయసు 27. జిమ్‌లో చేరి రెండు నెలలైంది. 10 కిలోల డంబెల్స్‌తో బైసెప్ కర్ల్స్ (మోచేయి మడిచి బరువును భుజం వైపు లేపడం) చేస్తున్నాను. కొద్దిరోజులుగా మోచేయి లోపలివైపు, మణికట్టు దగ్గర నొప్పి. నడుమూ పట్టేస్తోంది. కండలు పెరగాలంటే నొప్పి మామూలేనని తోటివాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కండలో ఒకట్రెండు రోజులుండే సలుపు మామూలే. కీళ్ల దగ్గర నొప్పి మాత్రం కాదు. మీ లక్షణాలను బట్టి బరువు మీకు ఎక్కువైనట్టుంది. చేతికి లొంగని బరువును నడుము వెనక్కి ఊపి లేపుతారు. నడుము పట్టేసేది అందుకే. లేపేటప్పుడు మణికట్టు లోపలికి ముడిస్తే ముంజేతి కండరాలపై భారం పడుతుంది. వాటి మొదలు మోచేయి లోపలి ఎముక దగ్గరే, నొప్పీ అక్కడే.

నొప్పి తగ్గేవరకు కర్ల్స్ ఆపండి. తర్వాత 4 కిలోలతో మొదలుపెట్టండి. వీపు గోడకు ఆనించి నిలబడి, అరచేతులు ముందుకు తిప్పి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచండి. మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండాలి. ఊపిరి వదులుతూ లేపండి. మోచేయి ముందుకు జరిగితే పని భుజానికి పోతుంది. వీపు గోడను వదిలిందా, బరువు తగ్గించాల్సిందే.

దించడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. బరువును ఒక్కసారిగా వదిలేస్తే కండకు సగం పనే దొరుకుతుంది, కింద కండను ఎముకకు కలిపే స్నాయువుకు కుదుపు తగులుతుంది. మూడు సెకన్లు తీసుకుని చేయి దాదాపు పూర్తిగా చాపండి. అద్దంలో కండను కాదు, పక్కకు తిరిగి నడుమును చూసుకోండి.

10 నుంచి 12 సార్లు, రెండు మూడు సెట్లు, వారానికి రెండు రోజులు చాలు. మధ్యలో 48 గంటల విరామం ఇవ్వండి. రోయింగ్, పుల్‌డౌన్ లాంటి బరువును లాగే వ్యాయామాలు చేసిన రోజున బైసెప్స్ ఎలాగూ పనిచేస్తాయి, దాన్నీ లెక్కలో వేసుకోండి. చివరి రెండుసార్లు కష్టమైనా భంగిమ చెడకపోతే బరువు సరిపోయినట్టే. మణికట్టు ఇంకా ఇబ్బంది పెడితే అరచేతులు ఎదురెదురుగా ఉండే హామర్ కర్ల్ చేయండి. రెండు చేతులతో పట్టే తిన్నని కడ్డీ (బార్) జోలికి ఇప్పట్లో వెళ్లొద్దు.

చిటికెనవేలు తిమ్మిరెక్కుతున్నా, రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గకపోయినా ఆర్థోపెడిక్ వైద్యుడికి చూపించుకోండి. లేపేటప్పుడు 'టప్'మని శబ్దం వచ్చి, మోచేయి మడత దగ్గర కమిలి, కండ పైకి ముద్దకడితే స్నాయువు తెగి ఉండొచ్చు. అప్పుడు అదేరోజు వెళ్లాలి. వారాలు గడిచేకొద్దీ దాన్ని తిరిగి అతికించడం కష్టమవుతుంది.