టెక్ సందేహాలు: రాత్రయితే పొగ ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. కెనడాలో కార్చిచ్చు రేగినప్పుడు అక్కడికీ పొగ వస్తోంది. అల్లుడు పంపిన లింకులో ఉపగ్రహ చిత్రం చూస్తుంటాను. వాళ్లకు పగలున్నంతసేపూ పొగ కనిపిస్తుంది, చీకటి పడగానే మాయమవుతుంది. ఫోన్ చేస్తే మాత్రం “ఇంకా వాసన వస్తూనే ఉందమ్మా” అంటుంది. ఏది నమ్మాలి? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మాయి ముక్కునే నమ్మండి. మీరు చూస్తున్నది బహుశా ‘జియోకలర్’ చిత్రం. భూమధ్యరేఖకు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న వాతావరణ ఉపగ్రహం గోస్-19 అమెరికా ప్రధాన భూభాగాన్ని 5 నిమిషాలకోసారి చిత్రిస్తుంది. పగలు ఎండ వెలుతురు పొగ కణాల మీద పడి చెదురుతుంది కాబట్టి మేఘాల తెలుపు పక్కన బూడిద, గోధుమ రంగు చార కనిపిస్తుంది. రాత్రి ఆ వెలుతురు ఉండదు. అప్పుడు పరారుణ (వేడి) కిరణాలతో చిత్రం తయారవుతుంది. వాటికి మేఘం అడ్డే గానీ, పొగలోని సన్నని కణాలు పెద్ద అడ్డు కావు. పొగ ఉన్నచోటే ఉంటుంది, చిత్రంలోకి మాత్రం రాదు. అన్నట్టు, రాత్రి చిత్రంలో మిలమిల మెరిసే నగరాల దీపాలు కూడా అప్పటివి కావు. అవి పాత చిత్రం నుంచి తెచ్చి అతికించినవి.

పొగ బాగా కనిపించాలంటే అక్కడ సూర్యోదయం తర్వాత గానీ, సూర్యాస్తమయానికి ముందు గానీ చూడండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు పలుచని పొర కూడా తేలుతుంది. జూన్, జులైలలో అయితే మనకు మధ్యాహ్నం మూడున్నర ప్రాంతం, లేదా తెల్లవారుజామున 5 గంటలు. ఒక్క చిత్రం కాకుండా రెండు మూడు గంటల చిత్రాలను వరుసగా కదిలించి చూస్తే పొగ ఎటు జరుగుతోందో తెలుస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఉపగ్రహం పై నుంచి చూస్తుంది. పొగ ఐదు కిలోమీటర్ల ఎత్తున పోతోందా, వీధిలోకి దిగిందా అన్నది ఈ చిత్రం చెప్పలేదు. 2023 జూన్ మొదటివారంలో క్యూబెక్ పొగను తీరం దగ్గరి అల్పపీడనం దక్షిణానికి లాగింది; 7వ తేదీన న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు తిరిగి, గాలి నాణ్యత సూచీ 400 దాటింది. అదే నెల చివర్లో కెనడా పొగ అట్లాంటిక్ దాటి స్పెయిన్, పోర్చుగల్ మీదికి వెళ్లింది. ఉపగ్రహాలకు అదీ కనిపించింది, కానీ ఎక్కువ భాగం ఎత్తులోనే ఉండిపోవడంతో కింద జనానికి పెద్దగా తెలియలేదు.

అందుకే అమ్మాయి నడకకు వెళ్లాలా వద్దా అన్నదానికి ఉపగ్రహ చిత్రం పనికిరాదు. ‘ఎయిర్‌నౌ ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్’ చూడమనండి. నేల మీది కొలత పరికరాల అంకెలూ, నిపుణులు ఉపగ్రహ చిత్రాలు చూసి గీసిన పొగ హద్దులూ అందులో ఒకేచోట ఉంటాయి. రేపటి సంగతి కావాలంటే ‘హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్-స్మోక్’ అంచనా ఉంది. ఉపగ్రహాలు కొలిచిన మంటల వేడికి గాలుల లెక్క కలిపి, 48 గంటల వరకు పొగ దారి చెబుతుంది. అందులో నేలకు దగ్గరి పొగకు ఒక పటం, పై నుంచి కింది దాకా మొత్తం పొగకు మరో పటం ఉంటాయి. చాలామంది రెండోది చూసి హడలిపోతారు. మీకు కావలసింది మొదటిది.

ప్రశ్న: గూగుల్ ఎర్త్‌లో మా అబ్బాయి ఇంటి మీద పొగ ప్రత్యక్షంగా చూడవచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చూడలేరు. అందులో ఇళ్లు కనిపించే చిత్రాలు నెలల, ఏళ్ల కిందటివి. వాతావరణ ఉపగ్రహం ఎంత స్పష్టంగా చూసినా దాని చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద అర కిలోమీటరు.

ప్రశ్న: మంటలను చూపే నాసా ‘ఫర్మ్స్’ పటంలో వేసవిలో నల్లమల నిండా ఎర్ర చుక్కలు కనిపించాయి. అడవంతా కాలిపోతున్నట్టేనా? – ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: కాదు. ఉపగ్రహాల్లోని వీర్స్ పరికరం ఇచ్చే ఒక్కో చుక్క 375 మీటర్ల గడికి గుర్తు; పాత పరికరం మోడిస్‌ది అయితే కిలోమీటరు. ఆ గడిలో ఎక్కడో వేడి తగిలిందని దాని అర్థం, గడి మొత్తం అంటుకుందని కాదు. పటాన్ని దూరం నుంచి చూస్తే చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి అడవిని మింగేసినట్టు కనిపిస్తాయి. వారం రోజుల చుక్కలు ఒకేసారి పెట్టుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. 2020 జనవరిలో ఆస్ట్రేలియా ఖండమంతా కాలుతున్నట్టు వాట్సాప్‌లో తిరిగిన బొమ్మ అలాంటిదే: దాదాపు నెల రోజుల చుక్కలను పోగేసి ఒక కళాకారుడు చేసిన చిత్రాన్ని జనం ఫోటో అనుకున్నారు. మీరు చూసేటప్పుడు కాల వ్యవధిని 24 గంటలకు తగ్గించండి. కొలుములు, గ్యాస్ మంటలు కూడా చుక్కలుగా పడతాయి. దట్టమైన మేఘం కింద మంట పడకపోవచ్చు. వీర్స్ పరికరమున్న ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం, అర్ధరాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో, అందుకే సాయంత్రం అంటుకుని రాత్రికి ఆరిన చిన్న మంట తప్పిపోతుంది.

భారత అటవీ సర్వే సంస్థ ‘వన్ అగ్ని’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే మీ ప్రాంతపు హెచ్చరికలు ఫోనుకు సందేశంగా వస్తాయి. ఉపగ్రహం దాటిపోయాకే వస్తాయి కనుక, కళ్లెదుట పొగ లేస్తుంటే సందేశం కోసం చూడకుండా అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి.