పన్నెండో తరగతి పెయింటింగ్ పరీక్షకు స్కెచ్‌బుక్: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఈ ఏడాది సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతిలో పెయింటింగ్ తీసుకున్నావని, స్కెచ్‌బుక్ ఎలా సిద్ధం చేసుకోవాలో నన్ను రాయమన్నావని అమ్మ చెప్పింది. ఎన్నో ఏళ్లు పిల్లలకు డ్రాయింగ్ చెప్పినవాడిగా నాకు ముఖ్యమనిపించినవి రాస్తున్నాను.

ముందు మార్కుల సంగతి చూడు. ప్రాక్టికల్‌కు ఉన్న 70 మార్కుల్లో స్టిల్ లైఫ్ (ఎదురుగా పెట్టిన వస్తువులను చూసి గీయడం) ఉండే నేచర్ అండ్ ఆబ్జెక్ట్ స్టడీకి 25, కంపోజిషన్‌కు (ఒక విషయాన్ని తీసుకుని మనమే పేర్చి వేసే చిత్రానికి) 25 పోగా మిగిలిన 20 పోర్ట్‌ఫోలియోవి, అంటే ఏడాదిలో నువ్వు చేసిన బొమ్మల కట్టవి. అందులో సగం, అంటే 10 మార్కులు, తొలి స్కెచ్ నుంచి పూర్తయిన బొమ్మ దాకా ఏడాది పొడుగునా నువ్వు చేసిన పనికే ఇస్తారు. పరీక్షకు నెల ముందు కూర్చుని నింపిన పుస్తకాన్ని అనుభవమున్న ఎగ్జామినర్ రెండు పేజీలు తిప్పగానే గుర్తుపడతారు, ఎందుకంటే అందులో మొదటి పేజీ గీతకూ చివరి పేజీ గీతకూ తేడా కనిపించదు.

ఖరీదైన పుస్తకం అక్కర్లేదు. కాస్త మందమైన కార్ట్‌రిడ్జ్ కాగితంతో ఉన్న ఎ4 పుస్తకం, హెచ్‌బి, 2బి, 4బి, 6బి పెన్సిళ్లు చాలు. అట్ట మీద మెరుపులు అంటించడానికి వెచ్చించే సమయాన్ని లోపలి పేజీలకు ఇవ్వు.

స్టిల్ లైఫ్‌కు ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబే మంచి గురువు. దానిని నేల మీద, పీట మీద, బల్ల మీద పెట్టి, కూర్చున్న చోటు మార్చకుండా మూడుసార్లు గీస్తే, చెంబు నోరు కంటి మట్టానికి దగ్గరయ్యే కొద్దీ ఆ వలయం ఎలా సన్నబడుతుందో నీకే తెలుస్తుంది. పక్కన వెలుగు ఎటు నుంచి వచ్చిందో, నీడలో ఏ రంగు కనిపించిందో ఒక వాక్యం రాయి. ఫోనులోని ఫోటో చూసి గీయవద్దని గట్టిగా చెబుతున్నాను. నీ కన్ను చేయవలసిన ఎంపికను కెమెరా ముందే చేసేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కంపోజిషన్ మీద పెట్టు. పరీక్షలో ఇచ్చే హాఫ్ ఇంపీరియల్ కాగితం సుమారు 22 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు ఉంటుంది కనుక, ఇంచుమించు అదే నిష్పత్తిలో 6 సెంటీమీటర్లకు 4 సెంటీమీటర్ల చిన్న గళ్లు గీసుకుని, ఒకే విషయాన్ని, ఉదాహరణకు రైతుబజారును, నాలుగైదు విధాలుగా పేర్చి చూడు. ఒక గడిలో కూరలమ్మే ఆమె ముందుకు రావాలి, ఇంకొక దానిలో తట్టలు ముందుండి మనుషులు వెనక్కి వెళ్లాలి. నలుపు, బూడిద, తెలుపు మాత్రమే వాడి వెలుగునీడలు తేల్చుకున్న తరువాతే రంగులకు వెళ్లు. ఏ గడిని ఎంచుకున్నావో, మిగతావి ఎందుకు వద్దనుకున్నావో రాసిపెడితే, ఎగ్జామినర్ వెతికే ఆలోచన వారికి అక్కడే దొరుకుతుంది.

వీలైతే రాజమహేంద్రవరం వెళ్లి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూడు. 1925లో, మూడు పదులైనా నిండకుండానే కన్నుమూసిన ఆయన, పూర్తిచేసిన చిత్రాలతో పాటు ఎన్నో పెన్సిల్ స్కెచ్‌లు కూడా మనకు విడిచి వెళ్లారు. వాటి ముందు తీరుబడిగా నిలబడు.

కుదరని బొమ్మ ఉన్న పేజీని ఎప్పుడూ చింపవద్దు. దాని కింద తేదీ వేసి, ఎక్కడ తప్పిందో రాసి, మళ్లీ గీసిన పేజీ సంఖ్యను పక్కన చేర్చు. బొగ్గుతో గీసిన పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టకపోతే ఎదుటి పేజీ మసి అవుతుంది.

ఇంకొక మాట. పోర్ట్‌ఫోలియోలో ఉంచే బొమ్మలు బడిలో చేసినవేనని బడి ధ్రువీకరించాలి. కనుక వాటిలో ఒక్క గీత కూడా ఇతరుల చేత వేయించవద్దు. చివరికి ఎంపిక చేసిన నాలుగు నేచర్, ఆబ్జెక్ట్ స్టడీ బొమ్మలు, రెండు కంపోజిషన్ల వెనుక, వాటికి మూలమైన స్కెచ్‌బుక్ పేజీ సంఖ్యలను పెన్సిల్‌తో రాయి. అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక పుస్తకం తీసుకుని ఒకసారి మా ఇంటికి రా, పేజీ పేజీ కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య