అడుగులన్నీ వచ్చినా బొటనవేళ్లు మెరుస్తున్న సమస్యకు సమాధానం

మీ నర్సింగ్ విద్యార్థులు చేతులు కడిగే ఆరు అడుగులనూ తడుముకోకుండా అప్పజెబుతున్నా, పరీక్ష లోషన్ (సరిగా కడగని చోట అతినీలలోహిత కాంతిలో మెరిసేది) పూసి కడిగించాక అతినీలలోహిత దీపం కింద బొటనవేళ్లు, వేళ్ల కొసలు మెరుస్తున్నాయంటే, అరచేతుల దగ్గరే సమయమంతా గడిపేసి బొటనవేళ్లు, వేళ్ల కొసలు రుద్దే చివరి రెండు అడుగులను తాకీ తాకకుండా వదిలేస్తున్నారన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలలో చెప్పిన 40 నుంచి 60 సెకన్లలో తడపడం, తుడుచుకోవడం కూడా కలిసే ఉన్నాయి కనుక, రుద్దడానికి మిగిలేది తక్కువే.

1. ఉంగరాలు, గాజులు, గడియారం ముందే తీయించండి.

2. బొటనవేలి అడుగును విడిగా సాధన చేయించండి. చాలామంది దానిని రెండు వేళ్లతో పైపైన తుడుస్తారు. అలా కాకుండా రెండో చేతి పిడికిలిలో పూర్తిగా బిగించి, మొదలు నుంచి కొస వరకు గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. కుడిచేతి వాటం వారిలో కుడి బొటనవేలిని ప్రత్యేకంగా గమనించండి, ఎందుకంటే దానిని రుద్దవలసింది అలవాటు లేని ఎడమచేయి.

3. వేళ్ల కొసలను దగ్గరగా చేర్చి, ఎదుటి అరచేతిలో ముందుకూ వెనక్కూ తిప్పించండి.

4. దీపం అందుబాటులో లేనప్పుడు, గ్లౌజులు తొడిగించి, కళ్లు మూయించి, సబ్బుకు బదులు కొద్దిగా పోస్టర్ రంగుతో ఇదే క్రమం చేయించండి. రంగు అంటని చోటు వారికే కనిపిస్తుంది. గోడకు అంటించిన పటం కన్నా ఇదే బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం.

5. చేతులు తుడుచుకున్న కాగితంతోనే కుళాయి మూయించండి.

గోరు అంచున సన్నని గీతగా మిగిలే మెరుపు చాలాసార్లు అక్కడ ఇరుక్కున్న లోషనే. గోళ్లు పొట్టిగా కత్తిరింపజేసి మళ్లీ చూడండి.