నాయన గురించి రాయొచ్చు, చెల్లెలి గురించి?

ప్రశ్న: మాది తిరుపతి. టీచర్‌ని, 36 ఏళ్లు. చిన్నప్పుడు మా నాయన తాగుడు వల్ల మేం పడిన బాధలు ఈమధ్య రాసి ఆన్‌లైన్‌లో పెట్టాను. ఆయన ఇప్పుడు లేరు. పేర్లు మార్చే రాశాను. భయానికి చెల్లెలు ఏడో తరగతి దాకా పక్క తడిపేదని కూడా అందులో ఉంది. చిత్తూరులో వాళ్ల అత్తగారింట్లో అందరూ చదివారట. చెల్లెలు నా ఫోన్ ఎత్తడం లేదు. ‘చచ్చిపోయిన మనిషిని వీధిలోకి ఈడ్చావు’ అని అమ్మ ఏడుస్తోంది. అన్న కేసు పెడతానంటున్నాడు. మా ఆయన మొత్తం తీసేయమంటున్నాడు. నా జీవితం గురించి రాసుకునే స్వేచ్ఛ నాకు లేదా?

జవాబు: ఉంది. నాయన వచ్చే వేళకు గుండె దడదడలాడిన పిల్ల మీరు. ఆ భయం గురించి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు మీ రాత చదివి, తాము ఒంటరివాళ్లం కామని ఊరట పడతారు కూడా. అందుకే మొత్తం తీసేయమని నేను చెప్పను.

చెల్లెలి సంగతి మాత్రం వేరు. మీరు రాసింది నిజమే కావచ్చు. ఇంట్లో గొడవలు, భయం ఉన్నప్పుడు పిల్లలు పక్క తడపడం మామూలే, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. కానీ అది ఆమె ఒంటికి సంబంధించిన విషయం. భర్తకైనా చెప్పుకుందో లేదో మీకు తెలుసా? ఎవరికి చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాల్సింది. ఆమెను అడక్కుండా మీరే తేల్చేశారు. పేర్లు మార్చడం పరాయివాళ్ల దగ్గరే పనికొస్తుంది. అక్క తిరుపతిలో టీచరు, చెల్లెల్ని చిత్తూరుకు ఇచ్చారు అంటే బంధువులకు పేరుతో పనేముంది?

మన తిరుపతి గంగజాతరలో వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టినా ఎవరూ మనసులో పెట్టుకోరు. జాతరతోపాటే ఆ మాటలూ పోతాయి. మీరు రాసింది అలా పోదు, రేపు చెల్లెలి పిల్లలు కూడా చదవొచ్చు.

చెల్లెలి గురించి రాసిన ఆ నాలుగు వాక్యాలూ ఈరోజే తీసేయండి. ‘ఇంట్లో పిల్లలందరం వణికిపోయేవాళ్లం’ అన్నా మీ కథకు లోటు రాదు. తర్వాత చిత్తూరు వెళ్లండి. అత్తామామల ముందు ఈ మాట ఎత్తకండి. కాణిపాకం పోదాం రమ్మని ఆమెను బయటికి తీసుకెళ్లండి. ‘నీ సంగతి నిన్ను అడక్కుండా రాశాను, తప్పు నాదే’ అనండి. ‘నీ మంచికే రాశాను’ లాంటి సంజాయిషీలు వద్దు. ఆమె తిడితే వినండి. వెంటనే మాట కలపకపోయినా తొందరపెట్టకండి.

అమ్మ కోపం ఒక్క పరువు గురించే అనుకోకండి. ఆ కాపురం ఎలా నడిచిందో ఇరుగుపొరుగుకు తెలియకుండా ఆమె ఇన్నేళ్లూ దాచుకొచ్చింది. ‘మమ్మల్ని ఎందుకు కాపాడలేదు’ అని నలుగురిలో అడిగినట్టు ఆమెకు అనిపించి ఉండొచ్చు. ఓ మధ్యాహ్నం పక్కన కూర్చుని, ఆ రోజుల్లో ఆమె ఎలా నెట్టుకొచ్చిందో అడగండి. అది రాయడం కోసం కాదు, వినడం కోసం.

అన్న విషయానికొస్తే, రాజ్యాంగం 19వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛ ఇస్తూనే, పరువు నష్టం వంటి వాటికి హద్దులు పెట్టడానికీ వీలు కల్పించింది. కుటుంబం, పెళ్లి, మాతృత్వం లాంటి సొంత విషయాలను, నిజమైనా సరే, ఆ మనిషి సమ్మతి లేకుండా ప్రచురించకూడదని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది జడ్జీలు తేల్చారు. చనిపోయినవారి గురించైనా, ఇంటివాళ్లను నొప్పించాలనే ఉద్దేశంతో చెడుగా రాస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం కావచ్చు. మీ ఉత్తరంలో నాకు అలాంటి ఉద్దేశం కనిపించలేదు. అన్న నిజంగానే నోటీసు పంపితే లాయర్‌ని కలవండి. ఈలోగా ఆయనతో ఆన్‌లైన్‌లో వాదనకు దిగకండి.

ఇక మీ ఆయన. రేపు మన కాపురం గురించి కూడా రాస్తుందేమోనన్న టెన్షన్ ఆయనకు ఉండొచ్చు. ‘నీ ప్రస్తావన వచ్చేది ఏదైనా ముందు నీకు చూపిస్తాను, నువ్వు వద్దన్న వాక్యం తీసేస్తాను’ అని మాటివ్వండి. మీ నాయన గురించి రాసింది మాత్రం అలాగే ఉంచుతానని కూడా అప్పుడే చెప్పండి.