హాట్ టబ్ పంపు మాటిమాటికీ ఆగిపోతుంటే: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: దిండి సమీపంలో గోదావరి ఒడ్డున మాకు చిన్న అతిథిగృహం ఉంది. ఆరుబయట పెట్టిన హాట్ టబ్‌లో నీటిని తిప్పే సర్క్యులేషన్ పంపు కొంతకాలంగా నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. అరగంటకో గంటకో మళ్లీ తనంతట తానే మొదలవుతోంది. ప్యానెల్ మీద ఎఫ్.ఎల్.ఓ. అనే అక్షరాలు కనిపిస్తాయి. ఫిల్టరు కడిగాక రెండు మూడు రోజులు కొంత మేలు. రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున మాత్రం ఎప్పుడూ ఎక్కువే. టబ్ విదేశం నుంచి తెప్పించినది. వచ్చిన మెకానిక్ పంపు మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, మలికిపురం మండలం

సమాధానం: ఇప్పుడే మార్చకండి. చెడిపోయిన పంపు సాధారణంగా పూర్తిగా ఆగిపోతుంది, లేదా మూలుగుతూ తిరగకుండా ఉండిపోతుంది. కొంతసేపు ఆగి తనంతట తానే నడిచే పంపును మరేదో ఆపుతోందని అర్థం. ఆ పని చేయగలిగినవి ప్రధానంగా రెండు. మోటారు లోపల, వేడి మితిమీరితే కరెంటు తెంచి, చల్లారాక మళ్లీ కలిపే రక్షణ పరికరం ఒకటి. హీటరు గుండా నీరు సరిగా పారడం లేదని గ్రహించి పంపును, హీటరును ఆపేసే కంట్రోల్ బోర్డు రెండవది. ఎఫ్.ఎల్.ఓ. అంటే ప్రవాహం తగ్గిందని బోర్డు చెబుతున్న మాట. అయితే మోటారు వేడెక్కి ఆగినా నీటి ప్రవాహం ఆగిపోతుంది కాబట్టి, అప్పుడు కూడా అవే అక్షరాలు పడవచ్చు. ప్యానెల్‌ను చూసి మాత్రమే తీర్పు చెప్పకూడదనేది అందుకే.

తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. పంపు ఆగి ఉన్న సమయంలో అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేత పంపు తీగల దగ్గర వోల్టేజి చూపించండి. కరెంటు అందుతున్నా మోటారు తిరగకపోతే అది వేడికి ఆగినట్టు. కరెంటే రాకపోతే బోర్డు ఆపినట్టు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీ టబ్‌లో ఈ రెండూ వేర్వేరు వేళల్లో జరుగుతున్నాయని నాకు అనిపిస్తోంది.

ముందుగా ఫిల్టరు సంగతి. కడిగిన కొద్ది రోజులు బాగుందంటే నీటి దారి మూసుకుపోతున్నదనడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. ఫిల్టరును బయటికి తీసి కొద్దిసేపు మాత్రమే పంపును నడిపి చూడండి. అప్పుడు నిలకడగా నడిస్తే లోపం ఫిల్టరుదే. పైపుతో నీళ్లు కొట్టి కడిగినంత మాత్రాన మడతల లోపలి జిడ్డు వదలదు. కోనసీమలో తలకు కొబ్బరినూనె రాసుకోని ఇల్లు అరుదు, ఆ తలతోనే అతిథులు టబ్‌లోకి దిగుతారు. ఫిల్టరు శుభ్రపరిచే ద్రావణంలో రాత్రంతా నానబెట్టి జిడ్డు వదిలించండి. ఆ తరువాత కూడా తెల్లటి సున్నపు పొర కనిపిస్తేనే బాగా పలచన చేసిన ఆమ్లంలో ముంచాలి. ఈ వరుసను తారుమారు చేస్తే జిడ్డు మడతల్లోనే బిగుసుకుపోయి ఫిల్టరు పనికిరాకుండా పోతుంది. పలచన చేసేటప్పుడు నీటిలో ఆమ్లం పోయాలి గాని ఆమ్లంలో నీరు పోయకూడదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. టబ్‌లో దిగే ముందు స్నానం చేయాలని అతిథులకు మర్యాదగా చెప్పే పలక ఒకటి పెట్టండి.

ఫిల్టరు లేకుండా కూడా ఆగితే, మెయిన్ స్విచ్ ఆపించి మిగిలిన దారి చూడాలి. నీటి మట్టం, ఫిల్టరులోకి నీరు పోయే నోరైన స్కిమ్మర్‌కు పైన ఉండాలి, వాల్వులు పూర్తిగా తెరిచి ఉండాలి. నీళ్లు మార్చిన తరువాతే ఈ ఇబ్బంది మొదలైతే పంపుకు గాలి పట్టి ఉంటుంది. పంపు దగ్గర పైపును కలిపే బిగింపైన యూనియన్‌ను కొద్దిగా వదులు చేసి, బుస్సుమని గాలి పోయి నీరు కారేవరకు ఉంచి బిగించాలి. పంపు లోపల నీటిని తోసే చక్రమైన ఇంపెల్లర్‌లో వెంట్రుకలు, కొబ్బరి పీచు చుట్టుకున్నాయేమో కూడా విప్పించి చూడాలి.

ఇక రాత్రి ఆగడం గురించి. మీ చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉండే ఉంటాయి. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అతి తక్కువకు పడిపోతుంది కనుక రైతులు రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు. ఒకే లైను మీద అన్ని మోటార్లు నడిచే వేళ, చివరన ఉన్న ఇళ్లకు వోల్టేజి తగ్గే అవకాశం ఉంది. వోల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. సాయంత్రం, అర్ధరాత్రి, తెల్లవారుజామున పంపు నడుస్తుండగా వోల్టేజి కొలిపించి కాగితం మీద రాయించండి. 230 ఉండవలసిన చోట 200 దరిదాపులకు దిగుతుంటే కారణం దొరికినట్టే. హీటరుతో కలిపి మొత్తం లోడు లెక్కగట్టించి తగిన స్టెబిలైజర్ పెట్టించుకోండి. పంపుకు సరిపోయేది కదా అని చిన్నది కొంటే హీటరు లోడుకు అది నిలవదు.

టబ్ విదేశీయమని రాశారు కనుక మోటారు మీది వివరాల రేకు తప్పక చదవండి. అమెరికా సరఫరా 60 హెర్ట్జ్, మనది 50. రేకు మీద 60 మాత్రమే ఉంటే ఆ మోటారు ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, నీటిని తక్కువ తోడుతుంది, పైగా ఎక్కువ వేడెక్కుతుంది. పంపు మార్చడం నిజంగా అవసరమయ్యే సందర్భం అది, అప్పుడు కూడా 50 హెర్ట్జ్ అని రాసి ఉన్నదే కొనాలి.

వేసవి గురించి ఒక్క మాట. రోజంతా పంపు తిరిగే కొన్ని టబ్‌లలో, నీటి వేడి మనం పెట్టినదానికంటే 1.5 డిగ్రీల సెల్సియస్ పైకి పోతే బోర్డే పంపును అరగంట సేపు ఆపుతుంది. మే నెలలో అది లోపం కాదు. మీది రాత్రిపూట ఎక్కువ అంటున్నారు కనుక దీన్ని మొదటి అనుమానంగా పెట్టుకోనక్కరలేదు.

ప్రశ్న: పంపు మొదలైన వెంటనే మా ఇంట్లో లీకేజి స్విచ్ (ఆర్.సి.సి.బి.) పడిపోతోంది. దాన్ని తీసేసి నేరుగా కలుపుతానని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. సమ్మతించవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: వద్దమ్మా, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజిని పసిగట్టి సరఫరా తెంచే ఆ పరికరమే, నీటిలో కూర్చున్న మనిషికీ షాకుకూ మధ్య నిలిచే రక్షణ. అది పడిపోతోందంటే కరెంటు ఎక్కడో లీకవుతోంది. మెయిన్ ఆపించి, హీటరు తీగలు విడదీసి, వాటి కొసలను భద్రంగా కప్పించి చూడమనండి. అప్పుడు ఆర్.సి.సి.బి. నిలబడితే హీటరు ఎలిమెంటు చెడినట్టు. అప్పటికీ పడిపోతే పంపును విడదీసి, దాని ఇన్సులేషన్‌ను ఆ పనికే ఉన్న మీటరైన మెగ్గర్‌తో పరీక్షించాలి. షాఫ్టు సీలు కారి మోటారులోకి తేమ చేరడం తరచూ కనిపించే లోపం. ఎర్తింగ్‌ను కూడా కొలిపించండి, ఉప్పు తగిలిన తడి నేలలో ఎర్తు కడ్డీ త్వరగా తుప్పు పడుతుంది. లోపం సరిచేసేవరకు పిల్లలను, పెద్దలను ఎవరినీ టబ్‌లో దిగనివ్వకండి.

ప్రశ్న: టబ్‌కు బోరు నీరు మంచిదా, కాలువ నీరా?
– ఒక పాఠకుడు, నరసాపురం

సమాధానం: తీరప్రాంతపు బోరు నీటిలో ఉప్పు, కఠినత్వం ఎక్కువగా ఉండి హీటరుకు సున్నం పడుతుంది, లోహపు భాగాలు తుప్పు పడతాయి. కాలువలో వచ్చే వరదల నాటి ఎర్రనీరు ఒండ్రుతో ఫిల్టరును పూడ్చేస్తుంది, వేసవిలో కాలువలు కట్టేశాక ఆ నీరే ఉండదు. పూర్తిగా ఆర్.ఓ. నీరు పోసినా లోహాన్ని తినే గుణం ఉంటుంది. ఆర్.ఓ. నీటిలో వడకట్టిన నీటిని కొంత కలిపి, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, కాల్షియం కఠినత్వం లీటరుకు 150 నుంచి 250 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా పరీక్షించుకుని నింపండి. సుమారు మూడు నెలలకు ఒకసారి నీళ్లు మార్చండి.