అమెరికా వెళ్తున్న పిల్లలు ఏం చదవాలి?

ఏటా జూలైలో నేను హైదరాబాదు వచ్చినప్పుడు, ఆగస్టులో అమెరికా ప్రయాణం పెట్టుకున్న పిల్లలు నలుగురైదుగురు చిక్కడపల్లిలోని మా అక్కయ్య ఇంటికి వచ్చి సందేహాలు అడుగుతుంటారు. కుక్కరు ఇక్కడే కొనుక్కోవాలా, గదిలో నలుగురుంటే అద్దె ఎంత పడుతుంది, బ్యాంకు ఖాతాకు ఏ కాగితాలు కావాలి అన్నవన్నీ అయ్యాక, ఈసారి ఒక అమ్మాయి, "అక్కడి రాజకీయాలూ మన రాజకీయాలూ సరిగ్గా అర్థం కావాలంటే ఏం చదవాలి అంకుల్?" అని అడిగింది. 22 ఏళ్లలో నన్ను ఈ ప్రశ్న అడిగినవారు లేరు. ఆ పూట తోచినంత చెప్పాను, మిగిలినది ఇక్కడ రాస్తున్నాను. వీసా మీద బతికే మనిషికి వార్తలు చదవడం కాలక్షేపం కాదు. ఏది చట్టమో, ఏది పుకారో తెలియకపోతే డబ్బూ పోతుంది, నిద్రా పోతుంది.

2025 సెప్టెంబరు సంగతి మా వాళ్లెవరూ ఇంకా మరిచిపోలేదు. ఆ నెల 19వ తేదీ శుక్రవారం అమెరికా అధ్యక్షుడు విదేశీ నిపుణుల ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ఒక ప్రకటనపై సంతకం చేశారు. 21వ తేదీ అర్ధరాత్రి దాటిన నిమిషం నుంచి, అంటే మన గడియారంలో ఆ ఆదివారం ఉదయం 9:31 నుంచి, అది అమల్లోకి వస్తుందని అందులో ఉంది. ఇక్కడ ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ. పండుగకని పిల్లలతో వచ్చిన మా మిత్రుడొకరు శనివారం పొద్దున్నే వాట్సాప్ తెరిచి, రేపు ఉదయంలోగా అమెరికాలో అడుగుపెట్టకపోతే ఏటా లక్ష డాలర్లు కట్టవలసి ఉంటుందన్న సందేశం నమ్మి, మామూలు ధరకు మూడింతలు పెట్టి టికెట్ కొని, భార్యాపిల్లలను అత్తవారింట వదిలి శంషాబాదు పరుగెత్తారు. ఆయన దారిలో ఉండగానే ప్రభుత్వ వివరణ వచ్చింది: రుసుము ఒక్కసారే, అదీ ఇక మీదట వేసే కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవారి రాకపోకలకు దానితో సంబంధం లేదు.

ఆయనను నేను తప్పుపట్టను. ఆ ప్రకటన ఎవరెవరికి వర్తిస్తుందో మొదటి రోజున తేటగా లేదు, కొన్ని పెద్ద సంస్థలు కూడా ఉద్యోగులను వెంటనే తిరిగి రమ్మని ఉత్తరాలు పంపాయి. అయితే 'ఏటా' అన్న మాట మాత్రం ప్రకటనలో ఎక్కడా లేదు. సంతకం జరిగిన వేళ ఒక మంత్రి నోట వచ్చిన మాట అది. శ్వేతసౌధం వెబ్‌సైటులో ఉన్న ఆ పాఠం చదవడానికి పది నిమిషాలు చాలు. చదివి ఉంటే, అందులో తేలిందేమిటో, తేలనిదేమిటో వేరుచేసుకుని, వకీలును ఒక్క సూటి ప్రశ్న అడగగలిగేవారు.

కాబట్టి నా మొదటి సలహా ఒకటే. ముందు మూలపత్రం చదవండి, దాని గురించి వచ్చిన వార్త తర్వాత చదవండి. బిల్లు వేరు, ప్రభుత్వ శాఖ చేసే నిబంధన వేరు, అధ్యక్షుడి ప్రకటన వేరు. ఈ మూడింటినీ మన వాట్సాప్ గ్రూపులు 'కొత్త రూల్ వచ్చింది' అని ఒకే గాటన కట్టేస్తాయి. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులలో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని ఎత్తివేసే బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గినప్పుడు, మా ఊళ్లో మిఠాయిలు పంచుకున్నారు, ఒకాయన ఇంటికి బయానా కూడా ఇచ్చారు. సెనేట్ దాన్ని 2020 డిసెంబరులో మరో రూపంలో ఆమోదించింది. రెండు రూపాలూ ఒకటి కాకముందే, 2021 జనవరిలో ఆ కాంగ్రెస్ (ఈ రెండు సభలూ కలిసిన అమెరికా చట్టసభ) గడువు ముగిసి బిల్లు దానితోపాటే పోయింది. కాంగ్రెస్ వెబ్‌సైటులో ప్రతి బిల్లుకూ ఒక పుట ఉంటుంది, అది ఏ మెట్టు మీద ఆగి ఉందో ఆ పుట పైభాగంలోనే కనిపిస్తుంది. ఒక సభలో నెగ్గిన బిల్లుకు ఇంకా ఎంత దూరం మిగిలి ఉందో అక్కడ చూశాకే సంతోషపడండి.

నిబంధనలు ఫెడరల్ రిజిస్టరులో వెలువడతాయి, అది మన గెజెట్ వంటిది. సాధారణంగా ముందు ముసాయిదా వస్తుంది, ప్రజలు అభిప్రాయాలు చెప్పడానికి 30 లేదా 60 రోజులు ఇస్తారు, ఆ తర్వాతే తుది నిబంధన. అభిప్రాయం రాయడానికి ఆ దేశపు పౌరులే కానక్కరలేదు, విద్యార్థులైన మీరూ రాయవచ్చు. తుది నిబంధనకు ముందుండే పీఠికను దాటవేయకండి. వచ్చిన అభ్యంతరాలనూ, వాటికి శాఖ చెప్పిన సమాధానాలనూ అందులో పక్కపక్కనే పెడతారు. ఒక విధానంపై రెండు పక్షాల వాదనలు ఒకేచోట దొరికే చదువు అంతకంటే మెరుగైనది నాకు కనబడలేదు. ఇంత ఓపిక లేని రోజుల్లో కాంగ్రెషనల్ రీసెర్చ్ సర్వీస్ నివేదికలు చదవండి. చట్టసభ సభ్యుల కోసం తయారుచేసే ఆ నివేదికలు 2018 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి.

దినపత్రికలకు డబ్బు పెట్టేముందు, దిగిన వారంలోనే ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి. చిరునామా రుజువు చూపితే ఉచితంగా ఇస్తారు, చాలా ఊళ్లలో ఆ కార్డుతోనే లిబ్బీ, ప్రెస్‌రీడర్ వంటి యాప్‌లలో పత్రికలు చదువుకోవచ్చు. న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయ పుట ఉదారవాదుల వైపు, వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకీయ పుట సంప్రదాయవాదుల వైపు ఉంటాయి కనుక, ఒకే విషయంపై రెండింటినీ చదవడం అలవాటు చేసుకోండి. స్థానిక పత్రికను కూడా వదలకండి, మీ అద్దె, మీ బస్సు, మీ వీధిలోని పోలీసు గురించి రాసేది అదే.

ఇక మన సంగతులు. ఏ తెలుగు పత్రిక ఏ పార్టీ వైపు మొగ్గుతుందో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, అయినా పరాయి దేశం వెళ్లాక, ఫోనులో వచ్చే నిమిషం నిడివి వీడియోలో ఆ మొగ్గు కనిపించక మోసపోతాం. ఢిల్లీలో బిల్లు పెట్టిన ప్రతిసారీ, బిల్లులను విశ్లేషిస్తూ 2005 నుంచి పనిచేస్తున్న పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వారి సారాంశం చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల బడ్జెట్ల విశ్లేషణలు కూడా వారి దగ్గరే దొరుకుతాయి. అప్పుల లెక్కలకు ఏ నాయకుడి ప్రసంగమూ ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ నివేదికకు సాటిరాదు. 1966 నుంచి ముంబయిలో వెలువడుతున్న ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ సంచికలు పరిశోధన పత్రికల ఆన్‌లైన్ భాండాగారమైన జేస్టోర్‌లో ఉన్నాయి. ఇంటి నుంచి చందా కట్టలేనివారు కూడా మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ద్వారా వాటిని చదవవచ్చు.

కృష్ణా జలాల గొడవను ఎలా చదవాలో ఆ అమ్మాయికి కాస్త విడమరిచి చెప్పాను. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో, అంటే నూటికి 75 ఏళ్లలో దొరికే లెక్కన, నదిలో 2060 టీఎంసీలు ఉన్నాయని తేల్చి, తిరుగు ప్రవాహాలతో (వాడకం తర్వాత మళ్లీ నదిలోకి చేరే నీళ్లతో) కలిపి ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు కేటాయించింది. విభజన తర్వాత, 2015లో, ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా సర్దుకున్నారు. ప్రాజెక్టులవారీగా నీళ్లు పంచే బాధ్యతను 2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 89వ సెక్షను, బచావత్ తర్వాత వచ్చిన రెండో కృష్ణా ట్రిబ్యునల్ అయిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది, 2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆ ట్రిబ్యునల్‌కు మరిన్ని విచారణాంశాలు జోడించింది. ఈ మూడు వాక్యాలు తెలిసినవారిని ఏ పత్రికా పూర్తిగా తన వైపు లాక్కోలేదు, ఎందుకంటే చెప్పని అంకె ఏదో వారికి వెంటనే తెలిసిపోతుంది.

మరునాడు పొద్దున్న ఆ అమ్మాయినీ, ఆమె స్నేహితులు ఇద్దరినీ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి తీసుకువెళ్లాను. ఉద్యోగ పరీక్షలకు చదివేవారితో గదులన్నీ నిండి ఉన్నాయి, పత్రికల బల్ల దగ్గర మాత్రం చోటు దొరికింది. శ్రీశైలం నీటి విడుదలపై వచ్చిన వార్తను రెండు తెలుగు పత్రికల్లో పక్కపక్కన పెట్టుకుని చదివారు. ఒకదానిలో శీర్షిక దోపిడీ అంటే, మరోదానిలో హక్కు అని ఉంది. 811 అన్న అంకె రెండింటిలోనూ లేదు. ఆ అమ్మాయి ఫోనులో ఇండియా కోడ్ వెబ్‌సైటు తెరిచి, పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని దించుకుని, 89వ సెక్షను దగ్గర ఆగి, స్నేహితులిద్దరికీ వినిపించేలా మెల్లగా చదవడం మొదలుపెట్టింది.